బీచ్‌లో ఫొటోలు తీస్తూ బైబిల్ వాక్యం ధ్యానించడం ఎలా? విశాఖ తీరం మీద తీసేవాళ్ళ కోసం

"బ్రదర్, ఈ బీచ్ ఫొటోకి ఏ వాక్యం పెడితే బావుంటుంది?" అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. ఫొటో తీసేశాక, ఇంటికొచ్చాక, స్టేటస్ పెట్టే ముందు వచ్చే ప్రశ్న ఇది. నన్నడిగితే ఆ ప్రశ్న ఇసుక మీద ఉండగానే రావాలి, అది కూడా వేరే రకంగా రావాలి. ఇక్కడ నా ముందు ఏం జరుగుతోంది, దీన్ని చూస్తుంటే నాకు బైబిల్లో ఏ చోటు గుర్తొస్తోంది, అని. అలా తీసిన ఫొటో వేరేగా ఉంటుంది, దాని కింద రాసే రెండు ముక్కలు కూడా వేరేగా ఉంటాయి.

సువార్తల్లో ఎన్ని సంగతులు నీటి ఒడ్డునే జరిగాయో ఒకసారి ఆలోచించండి. వలలు కడుక్కోవడం, వలలు బాగుచేసుకోవడం, పట్టిన చేపల్ని ఒడ్డున కూర్చుని ఏరుకోవడం, పడవలో తలగడ మీద నిద్రపోవడం, పొద్దున్నే నిప్పుల మీద చేపలు కాల్చుకోవడం... గలిలయ మంచినీళ్ళ సరస్సు, మనది బంగాళాఖాతం, అంత తేడా ఉన్నా ఈ పనులన్నీ విశాఖలో పెద జాలరిపేట దగ్గరో భీమిలిలోనో ఈరోజు పొద్దున్న కూడా జరిగాయి. కాబట్టి మనకి ఎక్కడికో వెళ్ళాల్సిన పని లేదు, ఫోన్ ఉంటే చాలు, కెమెరా ఉంటే మంచిదే. ఎలా మొదలుపెట్టాలో నాకు తెలిసినంతలో చెప్తాను.

1. ఎప్పుడు, ఎక్కడికి

మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనకాల కొండల వైపు దిగిపోతాడు. అందుకే ఇక్కడ ఫొటో అంటే పొద్దున్నే. విశాఖలో జూన్‌లో 5:25 కల్లా సూర్యుడు వచ్చేస్తాడు, జనవరిలో అయితే 6:30 అవుతుంది. దానికి అరగంట ముందే అక్కడ ఉండాలి, ఎందుకంటే సూర్యుడు కనిపించక ముందు ఉండే ఆ నీలం, గులాబీ కలిసిన వెలుతురు చాలా తొందరగా పోతుంది, బండి పార్క్ చేసి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అయిపోతుంది.

ఆటుపోట్లు కూడా చూసుకోండి. అమావాస్య పున్నమి రోజుల్లో విశాఖలో నీటి మట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళిన టైములో తడి ఇసుక చాలా వెడల్పుగా బయటపడుతుంది, అందులో ఆకాశం మొత్తం కనిపిస్తుంది, నడిచే మనిషి నీడ కూడా అందులో పడుతుంది. ఫోన్‌లో టైడ్ టైమింగ్స్ చూపించే యాప్‌లు ఫ్రీగానే దొరుకుతాయి. ఇంకోటి, పున్నమి నాడు సాయంత్రం సూర్యుడు అటు దిగే టైముకి ఇటు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు, పడమటి తీరం వాళ్ళకి లేని అదృష్టం ఇది, ఆ రోజు సాయంత్రం వదులుకోవద్దు.

చోటు సంగతికొస్తే, మొదటిసారి అయితే ఆర్కే బీచ్ చాలు. పొద్దున్నపూట బీచ్ రోడ్డు నడిచేవాళ్ళకే వదిలేస్తారు కాబట్టి హడావిడి ఉండదు. పడవలు, వలలు కావాలంటే పెద జాలరిపేట, భీమిలి. భీమిలి దగ్గర గోస్తని నది వచ్చి సముద్రంలో కలుస్తుంది, అక్కడ నీళ్ళ రంగు మారేచోట కాసేపు నిలబడి చూడాల్సిందే. దారిలో ఎర్రమట్టి దిబ్బలు కూడా ఉన్నాయి. యారాడ బీచ్‌లో రాళ్ళు బావుంటాయి గానీ నాచు పట్టి జారుతాయి, ఒక్కరే వెళ్ళకండి. ఫిషింగ్ హార్బర్ దగ్గర చుట్టూ పోర్టు, నేవీ ఉన్నాయి, ఫొటోలు తీయకూడదని బోర్డు ఉన్నచోట తీయొద్దు, గేటు దగ్గర అడిగి వెళ్ళండి. డ్రోన్ ఆలోచన అయితే ఈ ఊళ్ళో పూర్తిగా పక్కన పెట్టేయండి.

ఇంకో మంచి సీజన్ ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మర పడవలకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. అప్పుడు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, రంగులు వేసుకుంటారు, ఇంజన్లు విప్పుకుంటారు, వలలు కుట్టుకుంటారు. సంపాదన లేని రెండు నెలలు అవి, ఆ సంగతి మనసులో పెట్టుకునే అక్కడికి వెళ్ళాలి.

2. బయల్దేరే ముందు రాత్రి

ఫోన్ ఫుల్ ఛార్జ్, మెమరీ ఖాళీ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు, ఒక జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు. కెమెరా ఉన్నవాళ్ళు గాలి కొట్టే చిన్న రబ్బరు బ్లోయర్ తప్పకుండా పెట్టుకోండి. లెన్స్ ఇంట్లోనే బిగించుకుని వెళ్ళండి, ఇసుక గాలిలో లెన్స్ మార్చొద్దు. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు ఆన్ చేయండి, ఆ ఒక్క పని చేస్తే సముద్రం ఒక పక్కకి ఒలికిపోయినట్టు వచ్చే ఫొటోలు సగం తగ్గిపోతాయి.

దాంతోపాటు చదవడానికి చిన్న భాగం ఒకటి. పెద్ద అధ్యాయాలు వద్దు. లూకా 5వ అధ్యాయం మొదటి పదకొండు వచనాలు, యోహాను 21లో మొదటి పద్నాలుగు, మార్కు 4 చివర్లో తుఫాను, మత్తయి 13:47-48, కీర్తన 107లో 23 నుంచి 30 దాకా. ఏదో ఒకటి రాత్రి నెమ్మదిగా రెండుసార్లు చదివి పడుకోండి. పొద్దున్న బీచ్‌లో ఫోన్ తీసి బైబిల్ యాప్ ఓపెన్ చేస్తే నోటిఫికేషన్లు వస్తాయి, అక్కడితో మనసు ఎటో పోతుంది. అందుకే రాత్రే.

3. ముందు పది నిమిషాలు జేబులోంచి ఫోన్ తీయొద్దు

ఇది కష్టమైన స్టెప్, నిజంగా. ఆకాశం రంగు మారిపోతుంటే చెయ్యి ఆగదు. కానీ ఆపండి. చెప్పులు తీసేసి తడి ఇసుకకీ పొడి ఇసుకకీ మధ్య గీత మీద నడవండి. ఏం వినిపిస్తోంది, ఎవరు ఏం చేస్తున్నారు, గాలి ఎటు నుంచి వస్తోంది, పడవ ఏదైనా ఒడ్డుకి వస్తోందా. ప్రార్థన చేయాలనిపిస్తే చేసుకోండి, పెద్దగా మాటలు అక్కర్లేదు, "ప్రభువా, ఈరోజు నువ్వు చూసేది నాకూ కొంచెం చూపించు" అంటే సరిపోతుంది.

ఈ పది నిమిషాల వల్ల ఫొటోకి కూడా లాభమే ఉంది, ఉత్త భక్తి కోసం చెప్పట్లేదు. అలలు ఎన్నింటికి ఒక పెద్దది వస్తోంది, కొంగలు ఎక్కడ వాలుతున్నాయి, వల లాగేవాళ్ళు ఎటు కదులుతున్నారు అనేది తెలిసిపోతుంది. అప్పుడు ఎక్కడ కూర్చోవాలో మీకే అర్థమవుతుంది.

4. సూర్యోదయం: తొందరగా తీసేసి పక్కకి రండి

సూర్యుడి ఫొటో కావాల్సిందే, కాదనను. ఫోన్‌లో అయితే సూర్యుడి మీద కాకుండా పక్కన వెలుగున్న ఆకాశం మీద వేలితో నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి జరిపితే వెలుతురు తగ్గుతుంది. ఆకాశం రంగు నిలబడేదాకా తగ్గించండి, ముందున్న మనుషులు, పడవలు నల్లగా అయిపోయినా పర్వాలేదు, ఆకారం తెలిస్తే చాలు. ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు పడినట్టు ఉంటే ఆకారం తెలీదు, వాళ్ళ మధ్య కాస్త వెలుతురు కనిపించేదాకా ఆగి నొక్కండి.

కెమెరా ఉంటే ఐఎస్ఓ (వెలుతురుని పట్టే సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) 8 దగ్గర పెట్టుకుని షట్టర్ వేగం మార్చుకుంటూ పోండి. ఎగిరే నీటి చుక్కలు ఆగిపోయినట్టు రావాలంటే 1/1000 సెకను, అల పొగలా పరుచుకోవాలంటే అర సెకను, ఒక సెకను. పొగలా రావాలంటే ట్రైపాడ్ కావాలి, ట్రైపాడ్ కాళ్ళు ఇసుకలోకి బలంగా దిగగొట్టాలి, లేకపోతే అల వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం కూరుకుపోయి ఫొటో కదిలిపోతుంది. వెలుతురు పెరిగాక నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా ఇది కుదరదు. నా అభిప్రాయం అడిగితే ఈ పొగ అలలు ఎక్కువ తీయొద్దంటాను, చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ సముద్రం బలం వాటిలో కనిపించదు. యిర్మీయా 5:22లో సముద్రానికి ఇసుకని హద్దుగా పెట్టానని దేవుడు అంటాడు కదా, అలలు ఎంత పొర్లినా దాటలేవని. ఆ మాట అర్థం కావాలంటే అల వచ్చి విరిగి, నురగ ఇసుక మీద ఆఖరి అడుగు దాకా పాకి, ఆగి, వెనక్కి లాక్కునే చోట తీయాలి, షట్టర్ వేగంగా పెట్టి, కెమెరా బాగా కిందికి దించి. ఇంత చిన్న ఇసుక రేణువులతో అంత నీటిని ఆపడం ఏమిటో అక్కడ కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

5. ఇప్పుడు వెనక్కి తిరగండి

ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. సూర్యుడు పూర్తిగా పైకి వచ్చాక బీచ్‌లో ఉన్న ప్రతి కెమెరా ఇంకా తూర్పుకే తిరిగి ఉంటుంది. మీరు పొడి ఇసుక మీదకి వచ్చి (అలల దగ్గర ఉండి మాత్రం సముద్రానికి వీపు పెట్టొద్దు, ప్రమాదం), సూర్యుడికి వీపు పెట్టి ఊరి వైపు చూడండి. ఆ వెలుతురు అంతా ఎక్కడ పడుతోందో కనిపిస్తుంది. వల బాగుచేసే తాత మొహం మీద, గంప నెత్తిన పెట్టుకున్న అమ్మ ముక్కుపుడక మీద, పడవకి కొత్తగా వేసిన పచ్చ రంగు మీద. సూర్యోదయం తర్వాత దాదాపు గంట సేపు ఆ వెలుతురు మెత్తగా ఉంటుంది, కళ్ళ కింద గట్టి నీడలు పడవు.

కీర్తన 36:9లో "నీ వెలుగును పొందియే మేము వెలుగు చూచుచున్నాము" అని ఉంది. ఫొటోలు తీసేవాళ్ళకి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు. సూర్యుడిని చూస్తూ ఉంటే కళ్ళు చెదురుతాయి తప్ప ఏమీ కనిపించదు, ఆ వెలుగు పడిన మనుషుల్ని చూస్తేనే అది ఎంత మంచి వెలుగో తెలుస్తుంది. మనం దేవుణ్ణి వెతుకుతూ ఆకాశం వైపు చూస్తాం, ఆయన చూసేదేమో చేపల గంప మోసేవాళ్ళని.

ఇసుక తెల్లగా మెరుస్తుంటే కెమెరా మోసపోయి ఫొటోని నల్లగా తీస్తుంది, మొహాలు ముఖ్యంగా. అప్పుడు మొహం మీద నొక్కి వెలుతురు ఒక మెట్టు పైకి జరపండి. కెమెరాలో అయితే ప్లస్ 0.7 దాకా. జూమ్ వాడొద్దు, రెండు అడుగులు ముందుకి వేయండి. ముందుకి వేయాలంటే మాట్లాడాలి, ఆ భయంతోనే చాలామంది జూమ్ చేస్తారు.

6. మాట్లాడటం, అడగటం

కెమెరా కిందికి పెట్టి వెళ్ళండి. "అన్నా, వేట ఎలా ఉంది?" "తాతా, ఈ వల దేనికి?" అని మొదలుపెడితే చాలు, కవళ్ళ చేపల వలకీ వంజరం చేపల వలకీ కన్ను (వలలో ఒక్కో గడి) ఎంత తేడానో వాళ్ళే చెప్తారు. ఆ తర్వాత "మీరు పని చేసుకుంటుంటే ఒక ఫొటో తీసుకోనా?" అనాలి. వద్దంటే నవ్వి వచ్చేయడమే, రెండోసారి అడగొద్దు. చేపలు అమ్మే అమ్మలు బేరంలో ఉన్నప్పుడు అస్సలు అడ్డుపడొద్దు, వాళ్ళకి ఆ గంటే సంపాదన. చేపలు కొనేవాళ్ళ మధ్యలోకి ఫోన్ పట్టుకుని దూరితే ఎవరికైనా కోపం వస్తుంది, వాళ్ళ కోపం న్యాయమైనదే.

పిల్లలు పరిగెత్తుకొచ్చి "అన్నా నన్ను తియ్యి" అంటారు, తీసి చూపించండి, కానీ వాళ్ళ అమ్మానాన్నల్ని అడగకుండా ఎక్కడా పెట్టొద్దు. స్నానం చేసేవాళ్ళని తీయొద్దు. తాగి పడిపోయిన మనిషిని, బిచ్చం అడిగే ముసలమ్మని ఫొటో తీసి కింద జాలి మాటలు రాయడం... దయచేసి వద్దు. మన ఇంట్లో మనిషి అలా ఉంటే ఫొటో పెడతామా?

సంఘం వాళ్ళు సముద్రంలో బాప్తిస్మం ఇస్తుంటే కూడా అంతే. ముందు రోజే పాస్టర్‌గారిని, బాప్తిస్మం తీసుకునేవాళ్ళని అడగండి. నీళ్ళలోంచి లేచిన క్షణంలో ఆడవాళ్ళ బట్టలు ఒంటికి అంటుకుని ఉంటాయి, ఆ ఫొటో ఎంత పవిత్రమైన సందర్భమైనా సరే తీయకూడదు. ఒడ్డుకి వచ్చాక తువ్వాలు కప్పుతున్న అక్క చేతులు తీయండి, కబురు అక్కడ ఉంది.

7. ఒక దృశ్యం దగ్గరే ఉండిపోండి

బీచ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగి వంద ఫొటోలు తీయడం కంటే ఒకేచోట అరగంట కూర్చోవడం మేలు. వల బాగుచేసే మనిషి దగ్గర కూర్చున్నారనుకోండి. కాలి బొటనవేలికి వల తగిలించి సాగదీసి పట్టుకుంటాడు, కుడిచేతిలో నైలాన్ దారం చుట్టిన ప్లాస్టిక్ సూది, తెగిన చోట చుట్టూ పాడైన దారాలు ముందు కోసేస్తాడు, చిరుగు ఇంకా పెద్దదవుతుంది, అప్పుడు ఒక్కో కన్ను కట్టుకుంటూ వస్తాడు, ముడి వేసిన ప్రతిసారీ దారాన్ని చిన్నగా గుంజుతాడు, మాట్లాడుతూనే ఉంటాడు, కళ్ళు వల మీద నుంచి తీయడు. ఆ బొటనవేలు దగ్గర దారం కోసి కోసి కాయ కట్టి ఉంటుంది. ఫొటో ఆ కాయది తీయండి. మొహం అక్కర్లేదు, సముద్రం అక్కర్లేదు.

వరసగా టకటకా ఫొటోలు తీసే బర్స్ట్ మోడ్‌లో దారం గుంజే క్షణం పట్టుకోవచ్చు. ఫోన్‌ని ఇసుక మీద దాదాపు ఆనించి, వల కన్నుల్లోంచి అవతల కూర్చున్న మనిషి కనిపించేలా ఒకటి తీయండి. పైన నిలబడి కిందికి తీసే ఫొటోలో అతను చిన్నగా అయిపోతాడు, మీరూ ఇసుకలో కూర్చుంటే సమానంగా ఉంటారు. ఈ మాట ఫొటోకే కాదు మనసుకి కూడా పనికొస్తుంది అని నాకనిపిస్తుంది.

మనుషులు లేని దృశ్యాలు కూడా ఉంటాయి. చిన్న ఇసుక పీత బొరియ చుట్టూ చుట్టి పెట్టిన ఉండలు, లంగరు తాడు ఇసుకలో వదిలిన గీత (హెబ్రీ 6:19 మీకే గుర్తొస్తుంది), ఇసుక మీద వాలిన గువ్వల అడుగులు. డిసెంబరు, జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాటి దగ్గర ఫ్లాష్ గానీ టార్చి గానీ వేయకూడదు. అదే కాలంలో చచ్చిపోయి కొట్టుకొచ్చిన తాబేళ్ళు కూడా కనిపిస్తాయి, పక్కనే ప్లాస్టిక్ కవర్లు, చెప్పులు, తెగిన వల ముక్కలు. వీటిని ఫ్రేములోంచి తప్పించి తీయాలని అనిపిస్తుంది. తప్పించొద్దు. రోమా 8:22లో సృష్టి అంతా మూలుగుతోందని ఉంది, ఆ మూలుగు కూడా మన ధ్యానంలో భాగమే, విలాపవాక్యములు కూడా బైబిల్లో ఉన్న పుస్తకమే కదా. తీశాక ఒక సంచి నిండా చెత్త ఏరి తీసుకెళ్తే ఇంకా మంచిది.

8. సాయంత్రం బీచ్ వేరు

పొద్దున్న పని చేసేవాళ్ళది, సాయంత్రం సరదాగా వచ్చేవాళ్ళది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండ్లు, గుర్రాలు, బుడగలు, జలాంతర్గామి మ్యూజియం ముందు సెల్ఫీలు. వెలుతురు వెనక నుంచి వస్తుంది, భవనాల నీడ తొందరగా ఇసుక మీదకి వచ్చేస్తుంది, కాబట్టి సూర్యుడి మీద ఆశ పెట్టుకోకండి, చీకటి పడే టైములో బండ్ల మీద బల్బులు వెలిగాక మొదలుపెట్టండి. ఆకాశంలో ఇంకా నీలం ఉంటుంది, బల్బు పసుపు, రెండూ కలిసి చాలా బావుంటాయి, ఆ టైము ఇరవై నిమిషాలే.

మొక్కజొన్న పొత్తులు కాల్చే అమ్మ దగ్గర ఆగండి. కుంపటిలో బొగ్గులు, ఒక చేత్తో విసనకర్ర, ఇంకో చేత్తో పొత్తు తిప్పుతూ ఉంటుంది, విసిరినప్పుడల్లా నిప్పు ఎర్రబడి ఆమె మొహం కింద నుంచి వెలుగుతుంది. అదే మీ లైటు. ఫ్లాష్ వేస్తే ఆ వెలుతురు మొత్తం చచ్చిపోతుంది. ఫోన్‌లో నైట్ మోడ్ ఆపేయండి, ఎందుకంటే అది రెండు మూడు సెకన్లు తీసుకుని నిప్పురవ్వల్ని కలిపేస్తుంది. సెట్టింగ్స్ మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 800, షట్టర్ 1/60 దగ్గర మొదలుపెట్టి చూడండి. విసురుతున్నప్పుడు గమనించండి, మూడో విసురుకో నాలుగో విసురుకో నిప్పు బాగా ఎర్రబడుతుంది, అప్పుడు నొక్కాలి.

యోహాను 21:9 చూడండి: "వారు దిగి దరికి రాగానే అక్కడ నిప్పులును వాటిమీద ఉంచబడిన చేపలును రొట్టెయు కనబడెను." రాత్రంతా వల వేసి ఏమీ దొరకని శిష్యులు వీళ్ళు. యేసు చెప్పినట్టు వేశాక 153 పెద్ద చేపలు పడ్డాయి, కానీ వాళ్ళు ఒడ్డుకి వచ్చేసరికే ఆయన దగ్గర చేప కాలుతోంది. పేతురుకి నిప్పులంటే ఇంకో రాత్రి కూడా గుర్తొచ్చి ఉంటుంది, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట నిప్పులు వేసుకుని చలి కాచుకుంటున్నవాళ్ళతో నిలబడి ఆయన్ని ఎరుగనన్నాడు కదా, యోహాను 18:18 నుంచి చదవండి. మళ్ళీ నిప్పుల దగ్గరికే పిలిచి ముందు తిండి పెట్టాడు, ఆ తర్వాతే "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. ఆకలి తీర్చాకే అడిగాడు, ఈ వరస నాకు చాలా ఇష్టం. మీరు కూడా ఫొటో తీసే ముందు పొత్తు కొనుక్కోండి, ఉప్పూ కారం నిమ్మకాయ రాయించుకుని అక్కడే నిలబడి తినండి, ఫొటో తర్వాత.

9. ఇంటికొచ్చాక

ముందు సామాను. ఫోన్ లెన్స్ మీద కనపడని ఉప్పు పొర ఉంటుంది, అది ఉంటే తర్వాతి ఫొటోలన్నీ మసకగా వస్తాయి. ఇసుక రేణువులు ఊది పోగొట్టాకే తుడవాలి, ఊదకుండా తుడిస్తే గీతలు పడతాయి. గుడ్డని మంచినీళ్ళతో కొంచెం తడిపి తుడిచి, పొడి గుడ్డతో ఇంకోసారి. ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి, లేకపోతే తుప్పు.

ఫొటోలు అదే రోజు ఎంచుకోవద్దు. రెండు మూడు రోజులు వదిలేయండి. రంగులు బావున్నాయి కాబట్టి నచ్చినవి అప్పటికి పాతబడతాయి, నిజంగా ఏదో ఉన్న ఫొటో మాత్రం మళ్ళీ మళ్ళీ గుర్తొస్తుంది. ఎడిటింగ్ తక్కువ: హొరైజన్ గీత సరిచేయడం, కొంచెం కత్తిరించడం, నీడల్లో మొహం కనిపించేలా కాస్త వెలుతురు. రంగు పెంచే గీత ముట్టుకోవద్దు. దేవుడు ఇచ్చిన పొద్దుకి మనం నారింజ రంగు కలపాల్సిన పని లేదు.

10. రాయడం

మూడు ప్రశ్నలు పెట్టుకోండి. నేను ఏం చూశాను? నాకు బైబిల్లో ఏ చోటు గుర్తొచ్చింది? అక్కడ నాకు ఇంకా అర్థం కానిది ఏమిటి? ఈ మూడోది ముఖ్యం, దీన్ని అందరూ వదిలేసి నేరుగా నీతి చెప్పేస్తారు. చదివేవాళ్ళకి నీతి అక్కర్లేదు, వాళ్ళకి ఆలోచించుకోవడానికి చోటు కావాలి. అలాగే సముద్రం అంటే ప్రతిసారీ కష్టాలు, పడవ అంటే ప్రతిసారీ జీవితం, అలా రాయొద్దు. పడవని పడవలాగే ఉండనివ్వండి, దానికి రంగు పోయింది, కొనలో పసుపు కుంకుమ బొట్టు ఉంది, ఆ పడవ మీద ఎవరి ఇల్లో గడుస్తోంది.

ఒక నమూనా ఇస్తాను, వల దారంతో కాయ కట్టిన ఆ బొటనవేలి ఫొటోకి:

"ఈ తాత వల కుట్టే ముందు చిరుగు చుట్టూ ఇంకాస్త కోసేశాడు. పాడైన దారం మీద ముడి నిలవదట. నాకు జెబెదయి గుర్తొచ్చాడు. యాకోబు, యోహాను వలలు బాగుచేసుకుంటుండగా యేసు పిలిచాడు, వాళ్ళు తండ్రిని దోనెలో జీతగాళ్ళ దగ్గర విడిచి వెళ్ళారు అని మార్కు 1:20లో ఉంది. సగం కుట్టిన ఆ వల జెబెదయి చేతిలో మిగిలిపోయి ఉంటుంది. ఆయన కోప్పడ్డాడా, ఆశీర్వదించి పంపాడా, రాసి లేదు. ఈ తాత కొడుకులు కూడా ఇక్కడ లేరు, హైదరాబాద్‌లో పని చేస్తున్నారట."

అంతే, ఆపేశాం. "కాబట్టి మనం కూడా" అని ఇంకో ముక్క రాయాలనిపిస్తుంది, రాయకుండా పోస్ట్ చేయండి. బైబిల్ వాక్యం పూర్తిగా రాయాలంటే ఫొటో కింద రాయండి, ఫొటో మీద రాయొద్దు, మనిషి మొహం మీద అక్షరాలు వేయడం నాకు మర్యాదగా అనిపించదు. వచనం బైబిల్‌తో ఒకసారి సరిచూసుకోండి, గుర్తున్నట్టు రాస్తే మాటలు మారిపోతుంటాయి.

11. ఫొటో వెనక్కి ఇవ్వడం

పెద్ద కెమెరా లేకపోయినా ఇది చేయగలరు. నచ్చిన ఫొటోలు 4×6 సైజులో ప్రింట్ తీయించండి, ఏ స్టూడియోలోనైనా తీస్తారు, పెద్ద ఖర్చేం కాదు. తీసుకెళ్ళి ఆ మనిషి చేతిలో పెట్టండి. చేతుల ఫొటో, బొటనవేలి ఫొటో మీకు బావుంటుంది గానీ ఆయనకి మొహం కావాలి, ఇంట్లో గోడకి పెట్టుకోవడానికి. అందుకే ఫొటో తీసిన రోజే ఆయన నిటారుగా కూర్చుని, చొక్కా సర్దుకుని, కెమెరా వైపు చూసేది ఒకటి విడిగా తీసి పెట్టుకోండి.

జాలరిపేటల్లో చాలామంది గంగమ్మ తల్లిని కొలుస్తారు, చర్చికి వెళ్ళే ఇళ్ళూ ఉంటాయి. ప్రింట్ మీద వాక్యం అచ్చు వేయించి ఇవ్వొద్దు, అది వాళ్ళ ఫొటో. మీరు ఎందుకు ఇదంతా చేస్తున్నారని వాళ్ళే అడిగితే అప్పుడు ఇసుకలో కూర్చుని తీరిగ్గా చెప్పండి. వెనకాల తేదీ, ఊరు పేరు పెన్నుతో రాయండి. ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టి ఉంటే ఫోన్ తీసి అది ఎలా పెట్టారో, కింద ఏం రాశారో చదివి వినిపించండి, తీసేయమంటే అక్కడే వాళ్ళ ముందే తీసేయండి.